ఛెత్రికి బెంగళూరు ఎఫ్‌సీ ఇంకో ఏడాది ఇవ్వాలా, వద్దా?

విభాగం: ఫుట్‌బాల్ › ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)

కంఠీరవ_కుర్రాడు
13 ఏప్రిల్ 2025, ఉదయం 9:40

నిన్న రాత్రి కోల్‌కతా సాల్ట్ లేక్‌లో ఐఎస్‌ఎల్ ఫైనల్ మోహన్ బగాన్ చేతిలో 2-1తో పోయింది. మా ఫ్లాట్‌లో మిగతా ముగ్గురూ ఉప్పల్‌లో అభిషేక్ శర్మ 141 చూస్తూ గంతులేస్తున్నారు. నేనొక్కణ్ణే మూల కూర్చుని ఫోన్‌లో ఫైనల్ చూశా. ఎక్స్‌ట్రా టైమ్‌లో మెక్లారెన్ గోల్ పడగానే ఫోన్ కట్టేసి పడుకున్నా. నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

సరే, విషయానికొస్తా. ఆగస్టు 3కి సునీల్ ఛెత్రికి 41 నిండుతాయి. వచ్చే సీజన్‌లో కూడా బెంగళూరు దాడికి అతనే దిక్కు కావాలా? నా ఓటు వద్దనే. తిట్టే ముందు కాస్త చదవండి.

ఈ సీజన్ 28 మ్యాచ్‌ల్లో 14 గోల్స్. ఇండియన్ ఆటగాళ్లలో ఇంకెవరూ దరిదాపుల్లో లేరు, ఒప్పుకుంటా. కానీ అంతకుముందు మూడేళ్లు తీయండి. 2021-22లో 4, 2022-23లో 5, 2023-24లో 5. పోయినేడు మనం 10వ స్థానంలో తేలాం. మూడేళ్లు వరసగా కిందే ఉండి, ఒక్క ఏడు పైకి లేచాడు. నలభై ఒకటో ఏట మళ్లీ లేస్తాడని మీ సొంత డబ్బు పందెం కాస్తారా?

ఇంకోటి. నిన్న మనకు పడిన ఒక్క గోల్ కూడా మోహన్ బగాన్ డిఫెండర్ ఆల్బెర్టో తన సొంత గోల్‌లోకి కొట్టుకున్నది. ఫైనల్లో గోల్ కొట్టే ఇండియన్ స్ట్రైకర్ ఇంకొకడు మన దగ్గర లేడు. ఎందుకు లేడు? ఆ చోటు ఖాళీ అయితే కదా ఎవడైనా వచ్చేది.

నెం_11
13 ఏప్రిల్, ఉదయం 9:58

పొద్దున్నే మొదలెట్టావా గురూ! టీమ్ ఓడిన మర్నాడే ఇంట్లో పెద్దాయన్ని బయటికి గెంటే మాటలు. ఒక్క వారం ఆగలేకపోయావా?

లెక్కలు తీశావు కాబట్టి నేనూ తీస్తా. 2017-18లో అతనికి 33. అప్పుడు 14 గోల్స్. ఐఎస్‌ఎల్‌లో అతని బెస్ట్ సీజన్ అదే. ఇప్పుడు 40, మళ్లీ 14. అంటే తన బెస్ట్‌ని ఏడేళ్ల తర్వాత అందుకున్నాడు. దీన్ని పట్టుకుని వద్దంటావా? ప్లేఆఫ్‌లో ముంబైని 5-0తో చితక్కొట్టిన రోజు ఒక గోల్ అతనిది. ఫతోర్డాలో సెమీస్ రెండో మ్యాచ్‌లో గోవా 2-0 చేసి అగ్రిగేట్ (రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరు) సమం చేశాక, మనం ఎక్స్‌ట్రా టైమ్ ఖాయమని నీళ్ల సీసాలు వెతుక్కుంటుంటే 92వ నిమిషంలో తల పెట్టి ఫైనల్‌కి తీసుకెళ్లింది ఎవరు? వినీతా, ఎడ్గరా, నువ్వా?

బెజవాడ_బ్యాక్‌హీల్
13 ఏప్రిల్, ఉదయం 10:15

ఆ ఫతోర్డా గోల్‌లో అసలు తమాషా ఎవరూ చెప్పట్లేదు. అవతల బెంచ్ మీద కూర్చున్న గోవా కోచ్ మనోలో మార్కెజ్. ఇండియా కోచ్ కూడా ఆయనే. రిటైరైన మనిషిని మార్చిలో మళ్లీ ఇండియా జట్టులోకి పిలిచిందీ ఆయనే. పిలిచిన నెలకే ఆ మనిషి తలతోనే సెమీస్ నుంచి ఇంటికెళ్లాడు. ఇలాంటిది సినిమాలో పెడితే అతి అంటారు.

గచ్చిబౌలి_గోల్‌పోస్ట్
13 ఏప్రిల్, ఉదయం 11:02

అన్నా, ఇది మా హైదరాబాదోళ్లను అడగాలె. ముసలి స్ట్రైకర్‌ను పంపిస్తే ఏమైతదో మాకు మస్తు తెలుసు.

ఓగ్బెచె యాదికున్నడా? 2021-22ల 37 ఏండ్లకు 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీస్కున్నడు. ఆ ఏడే మనోలో చేతిల మేం కప్పు కొట్టినం, ఫైనల్ల మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిండు. తర్వాతి సీజన్ల ఓగ్బెచె 10 కొట్టిండు, మేం టేబుల్ల రెండో నంబర్. 2023ల మనోలో పోయిండు, ఓగ్బెచె పోయిండు. ఆ తర్వాతి సీజన్ మొత్తం మీద మేం గెలిచింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. అందరి కింద ఉన్నం. ఈ ఏడు కూడా 13 టీమ్‌లల 12.

పోయిన సెప్టెంబర్ల మీ కంఠీరవ స్టేడియంకు వచ్చి 3-0 తిన్నం సూడు, అండ్ల రెండు ఛెత్రియే. ఆ రెండోదానితోనే ఓగ్బెచె 63 గోల్స్ రికార్డును సమం చేసిండు. మా రికార్డు, మా మీదనే. ఇగ ఏం జెప్పాలె.

కంఠీరవ_కుర్రాడు
13 ఏప్రిల్, ఉదయం 11:20

@గచ్చిబౌలి_గోల్‌పోస్ట్ అన్నా, మీ గోడు వేరు. మీకు ఓగ్బెచె ఒక్కడు పోయి టీమ్ కూలలేదు. డబ్బుల్లేక జట్టుకు జట్టే చెదిరిపోయింది, కొత్తవాళ్లని తీసుకోకుండా బ్యాన్ పడింది. ఓగ్బెచెని ఉంచినా ఆ ఏడు మీరు పైకొచ్చేవాళ్లా?

పైగా ఆ రెంటిలో ఒకటి పెనాల్టీ. తొమ్మిది రోజులకి మోహన్ బగాన్‌ని 3-0 కొట్టిన రోజు అతన్ని లీగ్ చరిత్రలో టాప్ స్కోరర్ చేసిన 64వ గోల్ కూడా పెనాల్టీయే. పెనాల్టీ ఎవరైనా కొడతారు.

నెం_11
13 ఏప్రిల్, ఉదయం 11:24

"పెనాల్టీ ఎవరైనా కొడతారు" 😂 ఈ మాట రాసిపెట్టుకుంటున్నా. 2023 ఫైనల్ షూటౌట్ మళ్లీ ఒకసారి చూసి రా.

వైజాగ్_వింగర్
13 ఏప్రిల్, మధ్యాహ్నం 1:35

నేను ఉద్యోగం కోసం బెంగళూరొచ్చాక కంఠీరవలో సీజన్ టికెట్ తీసుకున్నదాన్ని. టీవీలో కనపడని సంగతి ఒకటి చెప్తాను.

డిసెంబర్ 7, కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్. మనం 2-0 నుంచి 2-2కి జారిపోయిన రాత్రి. కంఠీరవలో చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంటుంది కాబట్టి ఆట దూరంగా కనపడుతుంది. అందుకే నేను బంతిని వదిలేసి ఒక్కో ఆటగాణ్ణి పట్టుకుని చూస్తుంటాను. ఆ రోజు రెండో సగం ఛెత్రినే చూశాను. పదేళ్ల కింద అతను డిఫెండర్ వెంటపడేవాడు. ఇప్పుడు పడడు. బంతి మన సగంలో ఉన్నంతసేపూ ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య నడుస్తాడు, నిజంగా నడకే. చేత్తో మాత్రం అటు వెళ్లు, ఇటు మూయి అని ర్యాన్ విలియమ్స్‌కీ, మిడ్‌ఫీల్డ్‌కీ చూపిస్తూ ఉంటాడు. బంతి వింగ్‌లోకి చేరగానే ముందుకి ఉరకడు, ఒకటి రెండు అడుగులు వెనక్కి వేస్తాడు. డిఫెండర్ బంతి వైపు తల తిప్పుతాడు కదా, ఆ తిప్పిన క్షణంలో అతని వీపు వెనక నుంచి బయల్దేరతాడు. నాలుగైదు గజాల పరుగు, అంతే.

73వ నిమిషంలో 3-2 చేశాడు. ఇంజురీ టైమ్ ఎనిమిదో నిమిషంలో 4-2, హ్యాట్రిక్. ఐఎస్‌ఎల్‌లో ఇంత పెద్ద వయసులో హ్యాట్రిక్ కొట్టినవాడు లేడు. అతనికంటే ముందు ఆ రికార్డు ఎవరిదో తెలుసా? మళ్లీ ఓగ్బెచెదే.

కాబట్టి గోల్ కొట్టగలడా అన్నది నాకసలు ప్రశ్నే కాదు. ఆ నాలుగు గజాల పరుగు ఇంకో ఏడాదికి ఎక్కడికీ పోదు. అతను నడుస్తున్నప్పుడు మిగతా పదిమంది ఎంత పరిగెత్తాలన్నదే ప్రశ్న. అతను ప్రెస్ చేయకపోతే (బంతి ఉన్నవాడి మీదికి ఉరికి ఒత్తిడి పెట్టకపోతే) ఆ పని మిడ్‌ఫీల్డ్‌లో సురేశ్ మీదా, నొగువెరా మీదా పడుతుంది. ఈ సీజన్ సురేశ్ ఆ బరువు మోశాడు కాబట్టి మూడో స్థానం వచ్చింది. ఛెత్రి కాంట్రాక్ట్ గురించి మాట్లాడేటప్పుడు సురేశ్ కాళ్ల గురించి కూడా మాట్లాడాలి.

ఆఫ్‌సైడ్_అప్పారావు
13 ఏప్రిల్, మధ్యాహ్నం 1:50

ఇంత వివరంగా చూసే ఓపిక ఉన్నవాళ్లు మ్యాచ్‌కి వచ్చి సమోసా కూడా తినరేమో. బాగా రాశారండీ.

డల్లాస్_డిఫెండర్
13 ఏప్రిల్, రాత్రి 8:10

ఇక్కడ ఇప్పుడే తెల్లవారింది, మొత్తం చదివాను. బయటి ఉదాహరణలు రెండు మూడు పెడతాను.

మొన్న శుక్రవారమే లివర్‌పూల్ సలాకి రెండేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. వయసు 32. అక్కడ కూడా నెలల తరబడి ఇదే గొడవ. ముప్పై దాటినవాడికి అంత జీతమా అని సగం మంది, ఈ సీజన్ ఆట చూశాక కూడా అడుగుతారా అని సగం మంది. 32కే అంత రచ్చ జరిగితే 41 గురించి మాట్లాడటం తప్పేం కాదు.

రెండోది రొనాల్డో. 2021లో మాంచెస్టర్ యునైటెడ్ వెనక్కి తెచ్చుకుంది. 36 ఏళ్లకి లీగ్‌లో 18 గోల్స్ కొట్టాడు. టీమ్ మాత్రం అంతకుముందు ఏడాది రెండో స్థానం నుంచి ఆరుకి పడింది. గోల్స్ అతనివి, పతనం టీమ్‌ది. మరుసటి సీజన్ సగంలోనే తెగతెంపులు. వైజాగ్_వింగర్ గారు అన్న పాయింట్ అదే కదా. ఒకడి గోల్స్ సంఖ్య చూసి టీమ్ ఆరోగ్యం చెప్పలేం.

మూడోది తిరగబడిన ఉదాహరణ. ఇబ్రహిమోవిచ్ 38 ఏళ్లకి, 2020 జనవరిలో మిలాన్‌కి తిరిగొచ్చాడు. 2022లో మిలాన్ లీగ్ గెలిచింది. అప్పటికి అతను సగం మ్యాచ్‌లు గాయాలతో బయటే ఉన్నాడు, కానీ ట్రైనింగ్‌లో లియావో లాంటి కుర్రాళ్లని నిలబడనిచ్చేవాడు కాదు. అంటే ఉంచుకుంటే దేనికి ఉంచుకుంటున్నామో క్లబ్‌కి తెలిసి ఉండాలి.

నెం_11
13 ఏప్రిల్, రాత్రి 8:31

రొనాల్డో బెంచ్ మీద కూర్చోబెడితే అలిగి మ్యాచ్ అవ్వకముందే వెళ్లిపోయిన రకం. ఛెత్రిని దాంతో పోలుస్తారా అండీ? 2022-23 సీజన్ మర్చిపోయారా? అప్పటి కోచ్ గ్రేసన్ అతన్ని బెంచ్‌కి దింపాడు. కెప్టెన్‌ని, దేశంలోనే పెద్ద పేరుని. శివశక్తి, రాయ్ కృష్ణ ఆడారు. మనం లీగ్‌లో చివరి ఎనిమిది మ్యాచ్‌లూ వరసగా గెలిచాం. ఛెత్రి ఒక్క మాట అన్నాడా? ప్లేఆఫ్‌లో కేరళ మీద ఆ ఫ్రీ కిక్ కొట్టాడు, వాళ్లు గోడ కట్టుకునేలోపే. వాళ్లు మైదానం వదిలి వెళ్లిపోయారు. తర్వాత ముంబైలో సెమీస్ మొదటి లెగ్, బెంచ్ మీంచి వచ్చి ఏకైక గోల్.

కంఠీరవ_కుర్రాడు
13 ఏప్రిల్, రాత్రి 8:45

బంగారం లాంటి ఉదాహరణ ఇచ్చావు. నా వాదన నువ్వే గెలిపించావు.

ఆ ఏడాది అతను బెంచ్ మీద ఉన్నప్పుడే కదా శివశక్తి 6 గోల్స్ కొట్టింది? అంటే చోటు ఇస్తే కుర్రాళ్లు వస్తారు. మర్రిచెట్టు కింద మరో మొక్క మొలవదంటారు. ఆ రెండు నెలలు మర్రి కాస్త పక్కకి జరిగింది, మొక్క లేచింది.

బెజవాడ_బ్యాక్‌హీల్
13 ఏప్రిల్, రాత్రి 9:05

కథ సగంలో ఆపావు బాబూ. ఆ ఏడు ఫైనల్లో ఏమైంది? ఆట మొదలైన నాలుగైదు నిమిషాల్లోనే శివశక్తికి దెబ్బ తగిలింది. బయటికి మోసుకొచ్చారు. లోపలికి ఎవరొచ్చారు? ఛెత్రి. సగం సమయానికి ముందు పెనాల్టీ కొట్టి 1-1 చేసిందెవరు? ఛెత్రే. షూటౌట్‌లో పోయాం, అది వేరు. మొక్కకి గాలివాన వస్తే అడ్డం నిలబడింది ఆ మర్రే. నీ సామెత నీకే వాపస్.

సికింద్రాబాద్_సీనియర్
14 ఏప్రిల్, ఉదయం 6:20

పిల్లలూ, పెద్దవాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. ఈ ఛెత్రి పుట్టింది మా సికింద్రాబాద్‌లోనే. తండ్రి ఆర్మీలో ఈఎంఈలో ఉద్యోగి. తల్లి నేపాల్ తరఫున ఫుట్‌బాల్ ఆడినావిడ. మన ఊళ్లో పుట్టాడన్న సంగతి మన ఊళ్లోనే చాలామందికి తెలీదు.

మా కాలంలో ఈ ఊరి ఫుట్‌బాల్ వేరు. అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం వచ్చాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారం, రెంటికీ కోచ్ మన రహీం సాబే. బలరాం మూడు పదుల వయసు రాకముందే ఆరోగ్యం చెడి ఆట మానేయాల్సి వచ్చింది. ఇంకో ఐదారేళ్లు ఆడుంటే ఎలా ఉండేదో అని మా నాన్న చివరిదాకా అనేవారు. ఆ ఐదారేళ్లు ఎవ్వరికీ దక్కలేదు.

ఇప్పుడు ఒకడు నలభైలో కూడా పరిగెడుతున్నాడు, ఒళ్లు సహకరిస్తోంది, ఆడతానంటున్నాడు. వాణ్ణి మీరు పొమ్మంటున్నారు. నాకు అర్థం కాదు.

గచ్చిబౌలి_గోల్‌పోస్ట్
14 ఏప్రిల్, ఉదయం 8:00

పెద్దసారు చెప్పినంక ఇంకేముంది. ఛెత్రిని బెంగళూరు వద్దంటే మాకియ్యుండ్రి. పుట్టిన ఊరికొస్తడు. గచ్చిబౌలి స్టేడియంల సీట్లన్నీ ఖాళీనే ఉన్నయి, ఆయనొస్తే గవన్నా నిండుతయి.

కంఠీరవ_కుర్రాడు
14 ఏప్రిల్, ఉదయం 9:12

@సికింద్రాబాద్_సీనియర్ సార్, మీ మాట మీద గౌరవంతోనే అంటున్నా. బలరాం గారికి ఆట దక్కలేదు, నిజమే. అయితే ఇవాళ ఇరవైల్లో ఉన్న ఇండియన్ స్ట్రైకర్లకి కూడా ఆట దక్కట్లేదు సార్. వాళ్లకి అనారోగ్యం కాదు, అవకాశం లేదు. ఐఎస్‌ఎల్‌లో ఒక్కో క్లబ్‌కి మైదానంలో నలుగురు విదేశీయులు ఉండొచ్చు. క్లబ్బులన్నీ వాళ్లలో ఒకణ్ణి, కుదిరితే ఇద్దర్ని, ముందు వరసలోనే పెట్టుకుంటాయి. మనకి ఎడ్గర్ మెండెజ్, పెరేరా డియాజ్ ఉన్నారు. మిగిలే ఒక్క ఇండియన్ చోటు ఛెత్రిది. ఇక 19 ఏళ్ల వినీత్ ఎక్కడాడాలి? సీజన్ మొదటి మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద గెలిపించిన ఏకైక గోల్ అతనిదే. ఆ తర్వాత అతని పేరు ఎన్నిసార్లు విన్నారు?

2024 క్యాలెండర్ ఏడాదిలో ఇండియా ఒక్క మ్యాచ్ గెలవలేదు. జూన్‌లో కువైట్ మీద 0-0తో ఛెత్రి వీడ్కోలు చెప్పాడు, ఆ తర్వాత గోల్ కొట్టేవాడు కరువయ్యాడు. చివరికి మార్చిలో మళ్లీ అతన్నే పిలిచారు. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0, అందులో ఒకటి అతనిదే, దేశం తరఫున 95వది. అందరం చప్పట్లు కొట్టాం. ఆరు రోజులకి అదే మైదానంలో బంగ్లాదేశ్ మీద 0-0. నలభై ఏళ్లవాణ్ణి వెనక్కి పిలిస్తే తప్ప ముందు వరస నిండని దేశం మనది. ఇది అతని గొప్ప కాదు సార్, మన దరిద్రం.

వైజాగ్_వింగర్
14 ఏప్రిల్, ఉదయం 9:40

దరిద్రం మనది అన్నంతవరకూ నిజం. కానీ దానికి మందు ఒక్క బెంగళూరు దగ్గరే ఉన్నట్టు మాట్లాడుతున్నావు. మిగతా 12 క్లబ్బుల్లో ఛెత్రి లేడు కదా. అక్కడ ఎంతమంది ఇండియన్ స్ట్రైకర్లు మొలిచారు? అతను చోటు ఆపితే ఒక్క చోటే ఆపాడు. మిగతా పన్నెండూ విదేశీయులకి ఎవరిచ్చారు?

కంఠీరవ_కుర్రాడు
14 ఏప్రిల్, ఉదయం 9:44

ఊఁ. ఈ పాయింట్‌కి జవాబు సాయంత్రం ఇస్తా, ఆఫీసులో మీటింగ్.

ఆఫ్‌సైడ్_అప్పారావు
14 ఏప్రిల్, ఉదయం 9:46

సాయంత్రం దాకా మీటింగా, పాపం.

కడప_కార్నర్‌కిక్
15 ఏప్రిల్, ఉదయం 7:30

ఏమప్పా, రాత్రి లక్నోలో ధోనీని చూసినారా? 43 ఏండ్లు. 11 బంతులు, 26 నాటౌట్, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. పోయిన నెల తొమ్మిదో నంబర్‌లో దిగినప్పుడు ఇంటికి పొమ్మన్నోళ్లంతా ఇప్పుడు యాడున్నారో. ఛెత్రికి కూడా ఇదే వర్తిస్తాది.

బెజవాడ_బ్యాక్‌హీల్
15 ఏప్రిల్, ఉదయం 7:52

అదే మనిషి మొన్న శుక్రవారం కెప్టెన్‌గా తిరిగొచ్చిన రోజు చెన్నై సొంత గడ్డ మీద 103 పరుగులకి కుదేలైంది. దాన్నీ చెప్పు మరి. ఒక రాత్రి చూసి దణ్ణం, ఇంకో రాత్రి చూసి దండన.

క్రికెట్‌లో తొమ్మిదో నంబర్‌లో దాక్కోవచ్చు. పది బంతులు ఆడితే చాలు. ఫుట్‌బాల్‌లో దాక్కునే చోటు లేదు. బంతి నీ దగ్గర లేని 88 నిమిషాలు కూడా నీ పనే.

కడప_కార్నర్‌కిక్
15 ఏప్రిల్, ఉదయం 8:05

20 ఓవర్లు వికెట్ల ఎనక గుంజిళ్లు తీయడం దాక్కోవడమా? మోకాళ్లు అరిగిపోయినోడిని పట్టుకోని…

మోడరేటర్
15 ఏప్రిల్, ఉదయం 8:20

ధోనీ మీద ఆ తర్వాత వచ్చిన పోస్టులన్నీ క్రికెట్ విభాగానికి పంపేశాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ బంతి కాలితోనే.

డల్లాస్_డిఫెండర్
15 ఏప్రిల్, సాయంత్రం 6:45

ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు వచ్చే సీజన్ ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఫెడరేషన్‌కీ, ఐఎస్‌ఎల్ నడిపే ఎఫ్‌ఎస్‌డీఎల్‌కీ మధ్య 2010లో కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం ఈ డిసెంబర్‌తో ముగుస్తుంది. కొత్తది కుదరలేదు. లీగ్ సెప్టెంబర్‌లో మొదలైతే సీజన్ మధ్యలో ఒప్పందం అయిపోతుంది. స్పాన్సర్లు, టీవీ డబ్బు, అన్నీ దాని మీదే.

ఇలాంటప్పుడు క్లబ్ ఏం చేస్తుంది? 22 ఏళ్ల కుర్రాడితో నాలుగేళ్ల కాంట్రాక్ట్ రాసుకోవడానికి భయపడుతుంది. ఛెత్రితో ఏడాదికి రాసుకోవడానికి భయం ఉండదు. స్టేడియం నింపేది, జెర్సీలు అమ్మేది, టీవీ వాళ్లు ముఖం చూపించేది అతన్నే. కాబట్టి మనం ఇక్కడ ఎంత వాదించుకున్నా క్లబ్ లెక్క వేరేలా ఉంటుంది. అది ఆటగాడి విలువ కట్టే లెక్క కాదు, గడ్డుకాలం గట్టెక్కే లెక్క.

నెం_11
15 ఏప్రిల్, సాయంత్రం 7:02

ఆటకైతే ఆట, గల్లాకైతే గల్లా. రెండు రకాలుగానూ ఉంచుకోవాల్సిందే అని తేలింది 😄

వైజాగ్_వింగర్
15 ఏప్రిల్, సాయంత్రం 7:30

తేలలేదు. గల్లా కోసం ఉంచుకుంటే అతన్ని ప్రతి మ్యాచ్‌లో మొదటి నిమిషం నుంచి దింపుతారు, ఎందుకంటే జనం వచ్చింది అతని కోసం. ఆట కోసం ఉంచుకుంటే 60వ నిమిషంలో దింపుతారు. అప్పటికి డిఫెండర్లు అలిసిపోయి ఉంటారు, ఆ నాలుగు గజాల పరుగుకి సరిగ్గా అదే సమయం. ఈ సీజన్ మొదట్లో మన కోచ్ జరగోజా చేసింది అదే. ఫతోర్డాలో కూడా బెంచ్ మీంచే వచ్చాడు. గోల్స్ పడేకొద్దీ మొదటి పదకొండులో ఖాయమయ్యాడు. ఏ కోచైనా అంతే చేస్తాడు, తప్పు పట్టలేం. కానీ 28 మ్యాచ్‌లు! నలభై ఏళ్ల మనిషి, మధ్యలో షిల్లాంగ్ వెళ్లి దేశం తరఫున ఆడి వచ్చి మరీ.

నేనైతే కాగితం మీద సంతకం కంటే ముందు కోచ్‌ని ఒక్కటే అడుగుతా. మనం 1-0 వెనకబడి ఉన్నాం, 55వ నిమిషం, జనం "ఛెత్రి, ఛెత్రి" అంటున్నారు, వినీత్ బాగా ఆడుతున్నాడు. ఎవరిని తీస్తావు? ఈ ప్రశ్నకి అతను తడుముకుంటే కాంట్రాక్ట్ ఇవ్వకండి.

సికింద్రాబాద్_సీనియర్
15 ఏప్రిల్, రాత్రి 8:15

అమ్మాయ్, ఇది మంచి ప్రశ్న. రహీం సాబ్ అయితే తడుముకునేవారు కాదు. జకార్తా ఫైనల్లో జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్, తలకి దెబ్బ తగిలి ఉన్నాడు. ఆయన్ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా ఆడించారు. కొరియా మీద 2-1 గెలుపులో ఒక గోల్ జర్నైల్‌దే. ఎవరిది ఏ చోటు అన్నది పేరు చూసి కాదు, ఆ రోజు అవసరం చూసి తేల్చేవారు.

కంఠీరవ_కుర్రాడు
15 ఏప్రిల్, రాత్రి 9:30

మీటింగ్ అయిపోయింది (నిన్నటిది).

వైజాగ్_వింగర్ పన్నెండు క్లబ్బుల ప్రశ్నకి నా జవాబు ఇది: మిగతా క్లబ్బులు చేయట్లేదని మనమూ చేయకపోతే ఎలా? ఛెత్రి దగ్గర నేర్చుకునే అవకాశం ఉన్నది మన కుర్రాళ్లకే. ఆ అవకాశం ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఉంటే సరిపోదు, పక్కనే మైదానంలోనూ ఉండాలి. ఇద్దరూ కలిసి ఆడాలి, లేదా వీడు దిగి వాడు ఎక్కాలి.

క్లబ్ ఎలాగూ ఉంచుకుంటుంది, డల్లాస్ అన్నట్టు లెక్కలు అలాగే ఉన్నాయి. నన్నడిగితే మాత్రం మూడు రాయించుకోమంటా. ఒకటే ఏడాది, పొడిగింపు అనే మాటే వద్దు. మొదటి పదకొండులో పేరు ఖాయం కాదని సీజన్‌కి ముందే కోచ్ బయటికి చెప్పాలి, లేకపోతే ప్రతి వారం ఇక్కడ ఇదే గొడవ. మూడోది, పెనాల్టీలు వినీత్‌కి ఇవ్వాలి.

నెం_11
15 ఏప్రిల్, రాత్రి 9:33

మొదటి రెండూ ఓకే. మూడోది చచ్చినా ఒప్పుకోను.

కంఠీరవ_కుర్రాడు
15 ఏప్రిల్, రాత్రి 9:34

పెనాల్టీ ఎవరైనా కొడతారు అన్నా కదా.

నెం_11
15 ఏప్రిల్, రాత్రి 9:36

ఎవరైనా కొట్టేదైతే మొన్నమొన్నటి కుర్రాడికే ఎందుకు, గోల్‌కీపర్ గురుప్రీత్‌కి ఇవ్వు. ఖాళీగా నిలబడి చూస్తుంటాడు పాపం.

గచ్చిబౌలి_గోల్‌పోస్ట్
15 ఏప్రిల్, రాత్రి 10:10

మీరు పెనాల్టీల కాడ ఆగిన్రు. 20 నుంచి భువనేశ్వర్ల సూపర్ కప్ ఉంది, గుర్తుందా? అండ్ల వినీత్‌ను మొదటి నిమిషం నుంచి ఆడిస్తడా లేదా సూడుండ్రి. జరగోజా మనసుల ఏమున్నదో గక్కడనే తెల్సిపోతది. నేనైతే ఆడియ్యడనే అంటున్న.